"మనోళ్లు ఎవరన్న ఉన్నరా?"

శ్రోతలకు నమస్కారం.

మా వరంగల్ వైపు ఏ ఊళ్లోనైనా ఒక పిల్లవాడు సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టాడని తెలిస్తే చాలు, అరుగు మీది పెద్దమనిషి మొదట అడిగే మాట ఒకటే. "మనోళ్లు ఎవరన్న ఉన్నరా బిడ్డా?" ఎట్లా చదువుతున్నావన్న మాట తర్వాత వస్తుంది, ఒక్కోసారి అసలే రాదు. ఈ ప్రశ్న మా బంధువుల ఇంట్లో ఏం చేసిందో ముందు చెబుతాను.

2018లో జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నోటిఫికేషన్ వచ్చింది. రాష్ట్రమంతటా 9,355 పోస్టులు, మొదట్లో జీతం నెలకు 15 వేలు. మా బంధువుల అబ్బాయి హనుమకొండలో ముగ్గురితో కలిసి రూమ్ తీసుకున్నాడు. పొద్దున్నే లైబ్రరీకి పోయి కుర్చీ పట్టుకునేవాడు, చీకటి పడ్డాకే లేచేవాడు. ఊళ్లో వాళ్ల నాన్న దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. "హాల్ టికెట్ జిరాక్స్ ఒకటి, లక్ష రూపాయలు ఇయ్యి. పైన మాట్లాడిన. పోస్టు రాకుంటే నీ పైసలు నీకు వాపస్" అన్నాడు. పత్తి చేతికొస్తే కడతానని ఆ తండ్రి అడ్తిదారు దగ్గర అప్పు తెచ్చి ఇచ్చాడు. కొడుక్కి చెప్పలేదు.

అబ్బాయి పేరు జాబితాలో వచ్చింది. ఆ సాయంత్రమే సదరు మనిషి మిఠాయి డబ్బాతో ఇంటికొచ్చి, "చూసినవా, నేను చెప్పలే?" అన్నాడు.

ఆ మనిషికి లోపల ఎవరూ తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. పది మంది దగ్గర తలా ఒక లక్ష తీసుకుంటాడు. ఆ పది మందిలో ఇద్దరో ముగ్గురో సొంతంగా చదివి పాసవుతారు. వాళ్ల డబ్బు వాడికి మిగులుతుంది. మిగతా వాళ్లకు తిరిగి ఇచ్చేస్తాడు, దాంతో "మాట తప్పని మనిషి" అన్న పేరు కూడా వస్తుంది. హాల్ టికెట్ జిరాక్స్ ఎందుకంటే, రిజల్ట్ వచ్చిన రోజు అందరికంటే ముందు నంబరు చూసుకుని మిఠాయి కొనడానికి. అంతే.

ఇప్పటికీ ఆయన కనిపిస్తే ఆ తండ్రి లేచి నిలబడి దండం పెడతాడు. అబ్బాయి నాతో ఒకరోజు అన్నాడు: "నేను చదివి తెచ్చుకున్ననే అంటే మా బాపు నమ్ముతలేడన్నా." లక్ష పోయింది సరే, ఆ పిల్లవాడి రెండేళ్ల చదువును కన్నతండ్రి దగ్గరే లేకుండా చేశాడు ఆ మనిషి. నాకు ఎక్కువ బాధ అక్కడే.

మరి పైరవీ అన్నదే లేదా అంటే, ఉంది. 2022 అక్టోబర్ 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ 2023 మార్చిలో రద్దయింది. పేపర్ లీకైంది, ఆ పరీక్ష పెట్టిన పబ్లిక్ సర్వీస్ కమిషన్ లోపలి ఉద్యోగులే అరెస్టయ్యారు. రూములు తీసుకుని, పెళ్లిళ్లు వాయిదా వేసుకుని చదివిన పిల్లలకు ఆ వార్త ఎట్లా తగిలిందో నేను చూశాను. "కష్టపడితే వస్తుంది" అని వాళ్లకు చెప్పడానికి ఆ వారం నాకు నోరు రాలేదు. అయినా ఒకటి గమనించండి. లీకు బయటపడ్డది, పరీక్ష రద్దయింది. గ్రూప్-1, గ్రూప్-2లకు ఇంటర్వ్యూలు తీసేయాలని ప్రభుత్వం 2022లోనే నిర్ణయించింది కాబట్టి, ముఖం చూసి మార్కులు వేసే చోటు కూడా పోయింది.

పరిచయాలు పగలే నడిచే చోటు వేరే ఉంది, అది ఏజెన్సీల ద్వారా మనుషులను పెట్టుకునే ఔట్‌సోర్సింగ్. అటెండర్, కంప్యూటర్ ఆపరేటర్, వార్డు బాయ్, స్వీపర్ పోస్టులకు చాలాసార్లు పరీక్ష ఉండదు, పేపర్లో ప్రకటన కనిపించదు. ఏజెన్సీకి ఒక ఫోనో, ఒక లెటర్ ప్యాడ్ కాగితమో పోతే పని అయిపోతుంది. ఎవరినీ ఎరగని కూలి ఇంటి పిల్లకు అక్కడ ఖాళీ ఉందన్న సంగతే తెలియదు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ ఆఫీసు నియామకాల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది: ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ పంపిన పేర్లతో సరిపెట్టొద్దు, పత్రికల్లో ప్రకటించండి, నోటీసు బోర్డు మీద పెట్టండి, రేడియోలో, టీవీలో చెప్పండి అని. రేడియో అన్న మాట ఆ తీర్పులో ఉంది. ఔట్‌సోర్సింగ్ ఖాళీలను కూడా ఇట్లాగే ఊరందరికీ వినిపించాలని నేను గట్టిగా అడుగుతాను. పైగా దొడ్డిదారిన చేరినవాళ్లు పర్మినెంట్ చేయమని హక్కుగా అడగలేరని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. డబ్బిచ్చి చేరేవాళ్లు ఈ సంగతి కనుక్కోరు, చేర్పించేవాడు చెప్పడు.

ఇంకొక పరిచయం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంట్లో ఒక ఉద్యోగి ఉన్న పిల్లకు, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఏ బడిలో చదివిందో చెప్పే బోనఫైడ్‌లు ముందే తీసి పెట్టుకోవాలని తెలుసు. ఆ ఏడేళ్లలో నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే లోకల్ అని తెలుసు. జిల్లా పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకేనని తెలుసు. బీసీ అయితే సంపన్న శ్రేణి కిందికి రారని చెప్పే నాన్ క్రీమీలేయర్ కాగితం కావాలని తెలుసు. ఇవేవీ రహస్యాలు కావు. కానీ తండ్రి మేస్త్రీ పనికి హైదరాబాద్ తీసుకుపోతే అక్కడి బడిలో చదివిన పిల్లవాడికి, తాను ఇక్కడ నాన్ లోకల్ అవుతానని ఫారం నింపే రోజు దాకా చెప్పేవాళ్లుండరు. ర్యాంకు వచ్చి సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయినవాళ్లను నేనెరుగుదును. ఊరంతా దాన్ని "పైరవీ లేక పోయింది" అంటుంది.

మొన్న ఆ అబ్బాయి పనిచేసే పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. గోడ మీద పన్ను బకాయిల లిస్టు పక్కన తెల్ల కాగితం ఒకటి అంటించి ఉంది. ఏ కొలువుకు ఏ కాగితాలు కావాలో తన చేతిరాతతో రాశాడు. నేనుండగానే ఒక డిగ్రీ అమ్మాయి వచ్చి గొంతు తగ్గించి, "సార్, పైన మీకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది. అతను లేచి ఆ కాగితం దగ్గరికి తీసుకుపోయాడు. "ఐదో తరగతి ఎక్కడ చదివినవమ్మా?" అన్నాడు.