సైకిల్‌కి మడత పెట్టించలేం అండీ

నమస్తే అండీ. మీ ఇంట్లో 20 సైజు (అంటే చక్రం 20 అంగుళాల) సైకిల్ తొక్కుతూ, మోకాళ్ళు హ్యాండిల్‌కి కొట్టుకుంటున్న పిల్లలు ఉంటే ఈ వీడియో మీ కోసమే. పక్క చక్రాలు ఎప్పుడు తీయాలి, బ్యాలెన్స్ ఎలా నేర్పాలి అనేవి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

నా బాధంతా ఒక్క మాట గురించి. మన అమలాపురంలో ఏ సైకిల్ షాపు ముందు కాసేపు నిలబడినా వినిపిస్తుంది: "ఎదిగే పిల్లాడు కదండీ, ఏకంగా 26 ఇచ్చేయండి." అచ్చం స్కూలు యూనిఫాం కుట్టించినట్టే! ప్యాంటు నాలుగు వేళ్ళు పొడుగు పెట్టించి, లోపలికి మడత వేయించి, ఏడాదికోసారి విప్పుకుంటాం చూడండి, ఆ లెక్కన్నమాట. సైకిల్‌కి ఆ మడత ఎక్కడుందండీ?

ఉంది, ఒక్కచోట.

(సీటు కింద రాడ్డు పైకి లాగి చూపిస్తూ)

ఇదిగో, ఈ సీటు రాడ్డు. పిల్లాడు ఎదిగేకొద్దీ పైకి లాగుకోవచ్చు. కానీ దీని మీద సన్నగా గీతలు చెక్కి ఉన్నాయి, కనిపిస్తున్నాయా? ఆ గీతలు గొట్టం లోపలే ఉండాలి. అవి బయటికొచ్చాయంటే మడత మొత్తం విప్పేసినట్టే, ఇంక గుడ్డ లేదు. అంతకంటే లాగితే రాడ్డు వంగిపోవచ్చు, గొట్టమే పగిలిపోవచ్చు.

మరి ఫ్రేము సంగతేంటి? అది భుజం కొలత. టైలరు ప్యాంటు కాళ్ళు ఎంతైనా దింపుతాడు గానీ, నాన్న చొక్కా భుజాలు కొడుక్కి సరిచేయమంటే దండం పెడతాడు. 26 సైకిల్ ఎక్కిన చిన్నపిల్లాడు హ్యాండిల్ అందుకోవడానికి ముందుకి సాగిపోతాడు. మలుపు తిప్పాడంటే బయటి వైపు చెయ్యి చాలదు. ఆ క్షణంలోనే కదా బ్రేకు కావాల్సింది!

"మేం బారు కిందనుంచి కాలు దూర్చి పెద్ద సైకిల్ తొక్కలేదా?" అంటారు కొందరు బాబాయిలు. తొక్కారండీ, మోకాలి మీద మచ్చలు కూడా చూపిస్తారు. ఇంట్లో ఇంకో సైకిల్ లేక తొక్కారు గానీ, అదే మంచి పద్ధతని కాదు.

వీళ్ళే ఇంకో పొరపాటు పడతారు, పాత అంకెల్నీ ఇప్పటి అంకెల్నీ ఒకటే అనుకుంటారు. పాత నల్ల సైకిళ్ళకి 22, 24 అని చెప్పేవాళ్ళు చూడండి, అది ఫ్రేము కొలత. వాటి చక్రం 28 అంగుళాలు. ఇప్పుడు పిల్లల సైకిళ్ళకి చెప్పే 20, 24, 26 మాత్రం చక్రం కొలత. చక్రం 24 అయినంత మాత్రాన అన్ని కంపెనీల ఫ్రేములూ ఒకేలా ఉండవు. అందుకే అంకె చూసి కొనొద్దు, పిల్లాణ్ణి కొలవండి.

(మేనల్లుణ్ణి పిలుస్తూ) ఒరేయ్, ఇటు రా. చెప్పులు కాదు, స్కూలు బూట్లు వేసుకో. గోడకి ఆనుకుని నిలబడు. ఈ లెక్కల పుస్తకం రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని పైకి నొక్కు.

"లెక్కల పుస్తకమే ఎందుకు మావయ్యా?"

అట్ట గట్టిగా ఉందిరా, నువ్వు తెరవవు కదా. ఆ, పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత దాకా ఎంతుందో అదే మనకి కావాల్సిన కొలత. షాపుకి టేపు పట్టుకెళ్ళండి. సైకిల్ బారు ఎత్తు దానికంటే కనీసం మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. పిల్లాడు బారుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. సీటు మీద కూర్చున్నాక మునివేళ్ళు ఆనితే చాలు.

తర్వాత బ్రేకు. వేలి మొదటి కణుపు లివరు మీదికి సులువుగా చేరాలి. చాలా లివర్లకి లోపల చిన్న స్క్రూ ఉంటుంది, అది తిప్పితే లివరు దగ్గరికొస్తుంది. ఇది షాపులో అడిగితేనే చేస్తారు.

పెడల్ క్రాంకు, అంటే పెడల్ తగిలించే ఇనుప చెయ్యి, అదీ చూడండి. 24 సైకిళ్ళకి సాధారణంగా 152 మిల్లీమీటర్లు, పెద్దవాళ్ళ సైకిళ్ళకి 170 ఉంటుంది. పొట్టి కాళ్ళకి పొడుగు క్రాంకు ఇస్తే తొక్కినప్పుడల్లా మోకాలు పైకి ఎగురుతూ ఉంటుంది. మళ్ళీ భుజం కొలతే, మడతకి లొంగదు.

ఇక షాకులు. ముందొకటి వెనకొకటి స్ప్రింగులు చూస్తే పిల్లలు ఆగరు, నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. అలాంటి ఇనుప సైకిల్ బరువు చాలాసార్లు 15 కిలోలు దాటుతుంది. 30 కిలోల పిల్లాడికి తనలో సగం బరువు! పైగా తొక్కే బలంలో కొంత ఆ స్ప్రింగులే తినేస్తాయి. మన కోనసీమలో కాలవ వంతెన ఎక్కడం తప్ప ఎత్తెక్కడుందండీ? గట్టు రోడ్డు గుంతలకి కాస్త లావు టైరు చాలు.

గేర్లు అంటారా, సముద్రం ఒడ్డున ఓడలరేవు వైపు ఎదురుగాలిలో తొక్కేవాళ్ళకి పనికొస్తాయి, కాదనను. కానీ ఆ ఉప్పుగాలికి కేబుళ్ళు తుప్పు పడతాయి, వానాకాలం బురద గేర్ల మధ్య ఇరుక్కుంటుంది. కడిగి నూనె వేసే ఓపిక ఉంటేనే కొనండి.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తాను. సెకండ్ హ్యాండ్ నిక్షేపంగా తీసుకోవచ్చు, ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్ళు మాత్రం చూడండి. డిస్క్ బ్రేకు తప్పనిసరి కాదు, మామూలు బ్రేకు సరిగ్గా బిగిస్తే సరిపోతుంది. వెనక ఎర్ర లైటు మాత్రం పెట్టించండి.

చివరగా, "ఇంక సైకిల్ ఎందుకు, స్కూటీ ఇచ్చేద్దాం" అనే నాన్నలకి: గేరు లేని 50 సీసీ లోపు బండికే 16 ఏళ్ళు నిండి లైసెన్సు ఉండాలి, మిగతా వాటికి 18. మైనర్ బండి నడిపి కేసైతే, మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకి 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఏ సైకిల్ కొనాలో కామెంట్లో అడిగేవాళ్ళు వయసు రాయకండి. గోడ మీద గీత ఎన్ని సెంటీమీటర్లో రాయండి.