బియ్యం సంచి చేతిలో ఉన్నప్పుడు

అందరికీ వందనాలండి. ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్‌కి వెళ్తుంటే బకింగ్‌హాం కాలువ దాటతాం. ఏం కాలువని పిల్లలు అడిగితే పేరు చెప్పి ఊరుకుంటాం. ఈరోజు ఆ కాలువ కథే చెప్తాను. నలుగురిలో క్రైస్తవుడిగా ఎలా ఉండాలో నాకు నేర్పింది అదే.

1876 నుంచి 1878 దాకా ఇక్కడ ఘోరమైన కరువు. పెద్దవాళ్లు ధాత కరువు అనేవాళ్లు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. ఆయనకు సర్వే పని తెలుసు. కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. సంఘంలోని బోధకులే మేస్త్రీలు. మట్టి మోసి మోసి అలసి కూర్చున్నప్పుడు వాళ్లు సువార్త చెప్పేవాళ్లు. విన్నవాళ్లు బాప్తిస్మం ఇవ్వమని అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. తన చేతిలో కూలి డబ్బులు, గింజలు ఉన్నంతకాలం, అంటే సుమారు పదిహేను నెలలు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వీళ్లు దేవుడి కోసం వస్తున్నారో, అన్నం కోసం వస్తున్నారో తేలాలి కదా! సాయం ఆగిపోయాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న మద్దిపాడు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక పంచడానికి డబ్బు లేదని తెలిసే వచ్చారు వాళ్లు. అయినా అన్నం కోసం మారారన్న మాట ఆ తర్వాత కూడా పోలేదనుకోండి. మనలో చాలామందిమి ఆ జనం మనవళ్లమే. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా సంగతి. ఒక తుఫాను తర్వాత మా సంఘం తరఫున బియ్యం పంచుతున్నాం. ఒక పెద్దమ్మకు సంచి అందిస్తూ ఫోటో కోసం ఫోన్ తీశాను. ఆమె నుదుటి మీద బొట్టుంది. నా వైపు చూసి, 'ఏం చెప్పమంటే అది చెప్తాను నాయనా, ప్రార్థన చెయ్యమన్నా చేస్తాను' అంది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. నేనేమీ అడగలేదండి. కానీ బియ్యం నా చేతిలో ఉంది, ఫోన్ కూడా నా చేతిలోనే ఉంది. ఇంకేం అడగాలి?

ఎలక్షన్లప్పుడు ఇదే మనకు ఎదురొస్తుంది. అభ్యర్థి వస్తాడు. గుడికి స్లాబు వేయిస్తాననో, కొత్త సౌండ్ సిస్టమ్ కొనిస్తాననో అంటాడు. మరుసటి ఆదివారం మైకు ఆయన చేతికి వెళ్తుంది. ప్రార్థనా స్థలాలను రాజకీయాలకు వాడకూడదని 1988లోనే చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచండి. ఆ రోజు బల్ల మీద కూర్చున్న విశ్వాసికి, వేరే పార్టీకి ఓటేసేవాడికి, అది తన గుడి అనిపిస్తుందా? విశ్వాసులు పోటీ చేయాలి, పంచాయతీలో ప్రశ్నించాలి, పార్టీల్లో తిరగాలి. అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. మందిరంలో మైకు మాత్రం అమ్ముడుపోకూడదు.

'అయితే సాక్ష్యం చెప్పొద్దా బ్రదర్' అని అడుగుతారు. చెప్పాలి. క్లౌ కూడా ఆపలేదు, ఆ మేస్త్రీలు చెప్పారు. అవసరంలో ఉన్నవాడు మనకు తల ఊపాల్సిన పరిస్థితి ఉన్నప్పుడు మాత్రం దాన్ని వాడుకోకూడదు. ఆఫీసులో మన సంతకం కోసం నిలబడ్డవాడితోనూ, మన పొలంలో కూలికొచ్చినవాడితోనూ అంతే.

మా సంఘంలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. పంచేటప్పుడు ఫోన్లు జేబుల్లోనే ఉంటాయి. ఎవరైనా ప్రార్థన అడిగితే ఆ రోజు పేరు రాసుకుంటాం, ఇంకో రోజు ఉత్తచేతులతో వాళ్లింటికి వెళ్తాం. వెళ్లినప్పుడు 'ఇప్పుడు వద్దులే' అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాం. ఆ పెద్దమ్మ ఫోటో ఆ రోజే ఫోన్‌లోంచి తీసేశాను.