ఘాట్ రోడ్డు దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు

తిరుమల నుంచి కారులో దిగుతుంటే ఏదో ఒక మలుపు దగ్గర మాడు వాసన మీ ముక్కుకు ఎప్పుడైనా తగిలిందా? మీ బండివో, ముందు బండివో బ్రేకులు వేడెక్కి కాలుతున్న వాసన అది. నమస్తే అండి, ఈ రోజు వీడియో దాని గురించే, మాన్యువల్ గేరు కారు నడిపేవాళ్లు తప్పకుండా చూడండి.

తిరుమలకు ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద, దిగేది 1944 నాటి పాత రోడ్డు మీద. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ టైమ్ పెట్టింది. దిగడానికే ఎక్కువ టైమ్ ఎందుకంటే, ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది, దిగేటప్పుడు వదిలేసినా వేగం పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడే చాలామంది న్యూట్రల్ వేసేస్తారు, పెట్రోల్ మిగులుతుందని. మిగలదండీ! ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి కాబట్టి పెట్రోల్ సరఫరా దాదాపు ఆగిపోతుంది. అదే న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికే పెట్రోల్ కావాలి. పైగా బండి బరువంతా ఒక్క బ్రేకుల మీదే పడుతుంది. క్లచ్ తొక్కిపట్టి దిగినా అంతే, చక్రాలకీ ఇంజన్‌కీ సంబంధం తెగిపోతుంది.

ఇక కొంతమంది ఏకంగా ఇంజనే ఆపేస్తారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

పాత డ్రైవర్లు ఒక మాట చెప్తుంటారు, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని. మలుపులోకి వెళ్లాక కంగారుగా మార్చడం కాదు, వాలు మొదలవక ముందే రెండో గేరుకో మూడో గేరుకో వచ్చేయాలి. ఇంజన్ కాస్త గట్టిగా అరుస్తుంది, టెన్షన్ పడకండి, బండిని పట్టి ఉంచుతోందని అర్థం.

[తెర మీద: పెడల్స్ మీద కాళ్లు, దగ్గరి నుంచి]

చూడండి, ఎడమ కాలు క్లచ్ మీద లేదు, పక్కన నేల మీద ఉంది. బ్రేక్ మీద కాలు అదేపనిగా ఆనించి ఉంచడం లేదు. వేగం పెరిగిందనిపించగానే గట్టిగా ఒకసారి తొక్కి, తగ్గాక పూర్తిగా వదిలేస్తున్నాను. ఆ వదిలిన కాసేపట్లోనే డిస్కులకు గాలి తగిలి చల్లబడతాయి.

ఒకసారి మా బాబాయి న్యూట్రల్‌లోనే సగం కొండ దిగేశాడు. పక్కకు ఆపి చూస్తే ముందు చక్రం లోంచి సన్నగా పొగ, ఆయనేమో నీళ్ల బాటిల్ మూత తీసి పోయబోతున్నాడు. "ఆగు బాబాయ్" అని చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతున్న డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకరపోవచ్చు, పగలనూ వచ్చు. అరగంట అలా వదిలేస్తే అదే చల్లారుతుంది.

బ్రేక్ ఆయిల్ పాతదైతే ఇంకా ప్రమాదం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అప్పుడు తక్కువ వేడికే మరిగి లోపల బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అలా జరిగితే పెడల్‌ని గబగబా పంప్ చేస్తూ గేర్లు ఒక్కొక్కటే దించండి, హ్యాండ్ బ్రేక్ బటన్‌ని బొటనవేలితో నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారతాయి.

అరకు లాంటి రెండు వైపులా బండ్లు నడిచే ఘాట్‌లో ఇంకో సంగతి. ఇరుకు దగ్గర ఎదురుపడితే దిగేవాళ్లే ఆగి, ఎక్కేవాళ్లకు దారి ఇవ్వాలి, రూలు కూడా అదే. మీరు అలా వాలులో ఆపి కిందికి దిగాల్సి వస్తే హ్యాండ్ బ్రేక్‌తో పాటు రివర్స్ గేరు వేసి, ముందు చక్రాలు కొండ వైపు తిప్పి, అప్పుడు తలుపు తీయండి.