గోన గన్నారెడ్డి నవలను పాలమూరులో కూర్చుని చదివితే

నమస్కారం. మహబూబ్‌నగర్‌లో మేము ఆరేడుగురం నెలకొకసారి ఒకరి ఇంట్లో కూర్చుని, చదువుతున్న చారిత్రక నవలల గురించి మాట్లాడుకుంటాము. ఈ నెల మా చేతుల్లో ఉన్న పుస్తకం అడివి బాపిరాజు గారి గోన గన్నారెడ్డి. దీన్ని నేను చదవడం ఇది మూడోసారి. మొదటిసారి ఇంటర్‌లో చదివినప్పుడు గన్నారెడ్డి గుర్రపు డెక్కల చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. ఈసారి మాత్రం మా ఊరి చుట్టుపక్కల ఉన్న రాళ్లు కూడా వినిపించాయి కాబట్టి, నా అభిప్రాయం కొంత మారింది.

కథ తెలియనివారి కోసం రెండు మాటల్లో చెబుతాను. వర్ధమానపురాన్ని ఏలిన బుద్ధారెడ్డి కుమారుడు గన్నారెడ్డి. తండ్రి తరువాత రాజ్యం పినతండ్రి లకుమయారెడ్డి చేతికి పోతుంది. లకుమయారెడ్డి కొడుక్కు ఆదవోని రాకుమారి అన్నాంబికతో పెళ్లి జరుగుతుండగా, గన్నారెడ్డి తన మనుషులతో వచ్చి పెళ్లికొడుకును ఎత్తుకుపోతాడు. అక్కడ మొదలైన పరుగు, కాకతీయ రాణి రుద్రమదేవి ఏలుతున్న ఓరుగల్లు మీదికి దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వచ్చి ఓడిపోయేదాకా ఆగదు.

ఇందులో నన్ను ఇప్పటికీ కట్టిపడేసేది బాపిరాజు గారి కన్ను. ఆయన చిత్రకారుడు కూడా కావడం వల్ల, ఒక మనిషి సభలోకి అడుగు పెట్టాడంటే ముందు అతని తలపాగా, తరువాత భుజం మీది వస్త్రం, ఆపైన ఒరలోని కత్తి వరుసగా మన కళ్లముందుకు వస్తాయి. అయితే ఇదే చోట నాకొక పేచీ ఉన్నది. ఆ వర్ణనలన్నీ కోటల్లో, మందిరాల్లో ఎంత నిండుగా ఉంటాయో, కోట గడప దాటి పొలంలోకి వస్తే అంత పలచబడిపోయినట్లు నాకు అనిపించింది. మా కూటమిలో రిటైరైన తెలుగు పండితులు ఒకరున్నారు. ఆయన ఒక్క ప్రశ్నతో ఈ విషయాన్ని తేల్చివేశారు. "అంత దౌడు తీసిన గుర్రం ఏ చెరువులో నీళ్లు తాగిందో ఎక్కడన్నా కనబడ్డదా బిడ్డా?" అని అడిగారు. నాకు జవాబు దొరకలేదు. వాన కోసం మొగులు వైపు చూసే ఈ నేల మీద, ఒకటి నిండితే మరొకదానిలోకి నీరు పారే గొలుసుకట్టు చెరువుల మీద బతికిన కాకతీయుల కాలపు కథ చెబుతున్నప్పుడు, అది చిన్న ప్రశ్న కాదు.

ఇక రాళ్ల సంగతికి వస్తాను. నవలలోని వర్ధమానపురం మరెక్కడో లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమానే అది. శనివారం నాడు అక్కడి శనీశ్వరాలయానికి వెళితే నువ్వుల నూనె వాసన, నల్లని వస్త్రాలు, అభిషేకం కోసం బారులు తీరిన జనం కనిపిస్తారు. పోయిన శనివారం నేను ఈ పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లి, గుడి బయట చెట్టు నీడలో పెళ్లికొడుకును ఎత్తుకుపోయే ఘట్టాన్ని మళ్లీ చదివాను. నూనె చేతులతో పేజీ తిప్పాను కాబట్టి ఆ పేజీ మీద ఒక మరక శాశ్వతంగా మిగిలిపోయింది. లైబ్రరీ పుస్తకం కాకపోవడం నా అదృష్టం.

గన్నారెడ్డి బాటసారులను హడలెత్తించిన గజదొంగ అన్నది నవల ఇచ్చిన రూపం. శాసనాల్లో ఆయన కాకతీయుల సేనాని. పాలమూరు నుంచి కృష్ణ దాటి రాయచూరుకు వెళితే, అక్కడి కోటగోడలో నలభై అడుగులు దాటిన ఒకే ఒక్క బండ మీద 1294 నాటి తెలుగు శాసనం ఉన్నది. ఆ కోటను కట్టించినవాడు గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలనాథుడు. అంత పెద్ద బండను చక్రాల బండి మీద పశువులతో లాగించుకొస్తున్న దృశ్యాన్ని కూడా ఆ గోడలోనే చెక్కారు. నాకైతే వంద పేజీల యుద్ధవర్ణన కన్నా ఆ బండి బొమ్మ ఎక్కువ కథ చెప్పింది.

నా అసలు అసంతృప్తి మరొకటి. గోన వారిది కత్తి పట్టిన ఇల్లు మాత్రమే కాదు, గంటం పట్టిన ఇల్లు కూడా. రంగనాథ రామాయణాన్ని రెండేసి పాదాల ద్విపద ఛందస్సులో రాసినవాడు గోన బుద్ధారెడ్డి అని, ఉత్తరకాండను ఆయన కొడుకులు పూర్తి చేశారని మన సాహిత్య చరిత్ర చెబుతున్నది. బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక. భర్త మల్యాల గుండయ మరణించిన తరువాత ఆమె వేయించిన 1276 నాటి శాసనం మన భూత్పూరులోనే దొరికింది. తొలి తెలుగు కవయిత్రి ఆమేనని వాదించే పండితులూ ఉన్నారు. కర్నూలు రోడ్డు మీద రోజూ భూత్పూరు దాటిపోయే మనలో ఆ సంగతి తెలిసినవారు ఎందరు? రుద్రమదేవికి, అన్నాంబికకు నవలలో దక్కిన చోటు చూసినప్పుడల్లా, భర్తను పోగొట్టుకుని రాతి మీద మాట నిలిపిన ఈ ఆడబిడ్డ కూడా నాయికగా నిలవదగినదే కదా అని అనిపిస్తుంది. కల్పనకు అంత విశాలమైన ఖాళీని చరిత్ర అరుదుగా వదులుతుంది.

నవల విజయంతో ముగుస్తుంది. చరిత్ర అక్కడ ఆగలేదు. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో 1289 నాటి చిన్న శాసనం ఒకటి ఉన్నది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే భటుడు సోమనాథ దేవునికి భూమి ఇచ్చాడని అందులో ఉంటుంది. మహారాణి మరణవార్త మనకు చేరింది ఒక మామూలు భటుడి దానపత్రం ద్వారా. నవల చివరి పేజీ మూసిన వెంటనే దీన్ని తలుచుకుంటే ఆ విజయోత్సవం రంగు మారిపోతుంది.

చర్చలో వట్టికోట ఆళ్వారుస్వామి గారి ప్రజల మనిషి పేరు కూడా వచ్చింది. అది చారిత్రక నవల అవునా కాదా అని గంటసేపు వాదించుకున్నాము. తాను చూసిన నిజాం కాలపు వెట్టిని రాసిన పుస్తకం అది. రాసిననాడు వర్తమానం, మనకు చరిత్ర. దాన్ని ఈ వరుసలో పెట్టడం నాకు ఇష్టం లేదు గాని, పల్లె ఎలా మాట్లాడుతుందో తెలుసుకోవాలంటే గన్నారెడ్డి తరువాత వెంటనే చదవవలసింది అదే.

మొదటిసారి చదివేవారికి గోన గన్నారెడ్డిని నేను ఇప్పటికీ సిఫారసు చేస్తాను. మొదటి యాభై పేజీల భాష కొంచెం బరువుగా ఉంటుంది, ఓపిక పట్టండి. కుప్పాంబికను నాయికగా తీసుకున్న నవల మీలో ఎవరైనా చదివి ఉంటే దాని పేరు కింద కామెంట్లలో రాయండి, వచ్చే నెల మా కూటమిలో దాన్నే చదువుతాము.