కాల్షియం నార్మలే, మరి ఎముకలు?

మరదలు: రికార్డవుతోంది వదినా. ఎముకలూ రక్తపరీక్షలూ చెప్తామని పోయిన వారం వినేవాళ్లకి మాటిచ్చాం. మొదలుపెట్టు. గ్రైండర్ సంగతి ఎత్తకు.

వదిన: నువ్వే ఎత్తావ్. సరే, నెలసరి ఆగాక కాల్షియం టెస్టు చేయించి, నార్మల్ అని రాగానే ఎముకలు గట్టిగా ఉన్నాయనుకుంటారు. కాదమ్మా. రక్తంలో కాల్షియం తగ్గితే మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకలోంచి లాగి సర్దేస్తాయి. లోపల ఎముక డొల్లవుతున్నా రిపోర్టు బాగానే ఉంటుంది.

మరదలు: మరేం చూడాలి?

వదిన: ఎముక సాంద్రతకి డెక్సా స్కాన్. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి టీ స్కోరు ఇస్తారు. అది మైనస్ 2.5కి దిగిందంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. రక్తంలో అయితే సీటీఎక్స్, పీవన్‌ఎన్‌పీ. ఎముక ఎంత కరుగుతోందో మొదటిది, కొత్తది ఎంత కడుతోందో రెండోది చెప్తాయి. జబ్బు తేల్చడానికి కాదు, మందు పనిచేస్తోందా అన్నది కొన్ని నెలల్లోనే తెలుసుకోడానికి. సీటీఎక్స్‌కి పొద్దున్నే పరగడుపున ఇవ్వాలి, తింటే తగ్గిపోతుంది.

మరదలు: అయ్యో, మా తెనాలి పిన్ని బస్టాండులో ఇడ్లీ తిని వెళ్లి ఇచ్చింది!

వదిన: మళ్లీ ఇమ్మను. పిన్నికి యాభై కూడా లేవుగా, అప్పుడే ఆ టెస్టెందుకు?

మరదలు: మణికట్టు విరిగింది. ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించేసుకుంది కదా.

వదిన: ఓవరీలు, అదే అండాశయాలు, ఉంచారా?

మరదలు: ఏమో. అడగలేదు.

వదిన: ఫైలు తీసి చూడమను! ఎవరినడిగినా ఇదే మాట. ఒంట్లోంచి ఏం తీశారో మనిషికి తెలియదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొమ్మిదిమంది దాకా గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లే. దేశం మొత్తం చూస్తే మూడు. తెల్లబట్టకి కూడా కోసేస్తారా?

మరదలు: ఆగు వదినా. నెలలో సగం రోజులు బ్లీడింగ్‌తో మిరప కోతలకి వెళ్లి చూడు. చేలో చాటుండదు, కూలి మానితే జరగదు. పిన్ని ఏడ్చి అడిగి మరీ చేయించుకుంది. ఆవిడదా తప్పు?

వదిన: ఆవిడదని నేనన్నానా?

మరదలు: నీ గొంతు అలాగే ఉంది మరి.

వదిన: చెప్పకుండా చేసినవాళ్ల మీదే నా కోపం. మందులతో తగ్గేదేమో చూశారా? ఓవరీలు తీస్తే అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకని కరిగించే కణాలకి కళ్లెం వేసేది అదే. నెలసరి దానంతటది ఆగితే కొన్నేళ్ల మీద జరిగే నష్టం, ఈమెకి ముప్పైల్లోనే మొదలు. ఓవరీలు ఉంచినా అవి కాస్త ముందుగా ఆగిపోవచ్చు.

మరదలు: ...ఆవిడకి ఎవరూ చెప్పలేదు వదినా. ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా, రేపు క్యాన్సర్ వస్తుంది’ అన్నారంట.

వదిన: ఆ భయమే పెడతారు. అందుకే ఫైలు. బీరువాలో రేషన్‌కార్డు కవర్లోనే ఉంటుంది డిశ్చార్జి కాగితం. ‘టీఏహెచ్’ అంటే పొట్ట కోసి గర్భసంచి తీయడం. దాని పక్కన ‘బీఎస్‌ఓ’ అని రాసుంటే రెండు ఓవరీలూ తీసేసినట్టు. చిన్నవయసులో అలా పోతే, నెలసరి మామూలుగా ఆగే వయసుదాకా హార్మోన్ మందు వాడొచ్చా అని డాక్టర్ని అడగాలి. అందరికీ పడదు, అయినా అడగాలి.

మరదలు: విటమిన్ డి, రాగిజావ... అవి చెప్తామన్నాంగా.

వదిన: రక్తంలో డి మిల్లీలీటరుకి ఇరవై నానోగ్రాములకి తగ్గితే లోటే. రాగులు మంచివే, వంద గ్రాముల్లో మూడొందల మిల్లీగ్రాముల పైనే కాల్షియం. పిన్ని ఫైలు ఎక్కడుంది?

మరదలు: తెనాలిలోనే. బాబాయ్ ఫొటో తీసి పెడతాడేమో.

వదిన: కాగితం వెనకవైపు కూడా తియ్యమను. బయాప్సీ రిపోర్టు ఉంటే అదీ.

మరదలు: ఇప్పుడే చేస్తా ఫోను.

వదిన: స్పీకర్లో వద్దు, రికార్డింగ్ ముందు ఆపు—