రెక్కలు బ్రిటన్‌వే, పేరు మాత్రం కాదు

శ్రోతలకు నమస్కారం.

2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా ఒకేసారి 470 విమానాలు కొంటున్నట్టు ప్రకటించింది. ఎయిర్‌బస్ నుంచి 250, బోయింగ్ నుంచి 220. ఫ్రాన్స్, అమెరికా సంబరపడటంలో వింత లేదు. కానీ అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ కూడా ఇది మా దేశానికి మంచి కబురని ప్రకటన చేశారు. ఆయన అన్నది నిజమే. ఎయిర్‌బస్ రెక్కలు చాలావరకు తయారయ్యేది ఉత్తర వేల్స్‌లోని బ్రాటన్‌లో. పెద్ద విమానం ఏ350కి ఇంజిన్లు ఇచ్చేది డార్బీలో ఉన్న రోల్స్‌రాయిస్. మరుసటి ఏడాది జనవరిలో మన బేగంపేట విమానాశ్రయంలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు ఎయిర్ ఇండియా ఏ350ని తెచ్చి నిలబెట్టారు. అక్కడికి వెళ్లినవాళ్లు బ్రిటన్ పనితనాన్ని కళ్లారా చూశారన్నమాట. బ్రిటన్ పేరు మాత్రం ఆ విమానం మీద పెద్ద అక్షరాలతో ఎక్కడా ఉండదు.

ఒకప్పుడు అదే దేశం ప్రయాణికుల విమానాలను ముక్కు నుంచి తోక దాకా తానే తయారు చేసి ప్రపంచానికి అమ్మాలనుకుంది. కొన్నాళ్లు అమ్మింది కూడా. ఆ పని ఎందుకు నిలబడలేదు, అందులో దేశాభిమానం పాత్ర ఎంత, దేశం చిన్నది కావడం పాత్ర ఎంత, ఇదే ఈ రోజు మన విషయం.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే బ్రిటన్ ప్రభుత్వం లార్డ్ బ్రాబజాన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. యుద్ధం అయ్యాక ఎలాంటి విమానాలు కావాలో చెప్పడం దాని పని. ఆ కమిటీ ఆలోచనల్లో పుట్టిన ఒక మహా విమానానికి ఆయన పేరే పెట్టారు. రెక్కల పొడవు 70 మీటర్లు, అంటే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన జంబో జెట్ కన్నా ఎక్కువ. ఎక్కే ప్రయాణికులు మాత్రం వంద మందే. దాని కోసం బ్రిస్టల్ పక్కన ఫిల్టన్‌లో రన్‌వే పొడిగించాల్సి వచ్చి, చార్ల్‌టన్ అనే ఊరిని కూల్చేశారు. 1949లో ఆ విమానం ఎగిరింది. ఒక్క సంస్థ కూడా కొనలేదు. 1953లో తుక్కు కింద విరగ్గొట్టారు. సామ్రాజ్యం నాలుగు మూలలకూ కొద్దిమంది పెద్దమనుషులను హాయిగా చేరవేయాలన్న ఊహతో గీసిన విమానం అది. విమానం తయారయ్యేసరికి ఆ సామ్రాజ్యమే కరిగిపోతోంది.

కామెట్ అనే బ్రిటిష్ జెట్ విమానం కథ వేరు. 1952 మే 2న లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు బయలుదేరిన కామెట్ ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల సర్వీసు. అమెరికా వాళ్ల చేతిలో అప్పటికి అలాంటి విమానం లేదు. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా నుంచి ఢిల్లీకి బయలుదేరిన కామెట్ తుఫానుగాలిలో చిక్కుకుని ముక్కలైంది. 43 మంది చనిపోయారు. 1954 జనవరిలో ఎల్బా దీవి దగ్గర ఇంకొకటి, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర మరొకటి సముద్రంలో కూలాయి.

అప్పుడు ఫార్న్‌బరోలోని ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో చేసిన పని వివరంగా చెప్పాలి. ఒక కామెట్‌ను తెచ్చి దాని చుట్టూ పెద్ద నీళ్ల తొట్టి కట్టారు. శరీరమంతా నీళ్లలో, రెక్కలు మాత్రం తొట్టి గోడల్లోంచి బయటికి. విమానం పైకి వెళ్లినప్పుడు లోపలి గాలి ఒత్తిడికి డొల్ల ఉబ్బుతుంది, దిగినప్పుడు మళ్లీ సర్దుకుంటుంది. దానికి బదులు నీటిని లోపలికి నెట్టి, వదిలి, మళ్లీ నెట్టారు. రెక్కలను జాకీలతో పైకీ కిందికీ వంచారు. గాలితో చేస్తే ఎక్కడైనా చిట్లిన క్షణంలో మొత్తం పేలిపోయి ఆనవాళ్లు మిగలవు. నీళ్లయితే చిట్లిన చోటే ఆగుతుంది. నిజంగా ఎగిరినవి, తొట్టిలో చేసినవి కలిపి 3,057 ప్రయాణాలకు సమానమైన ఒత్తిడి పడ్డాక డొల్ల చిట్లింది. కిటికీల్లాంటి రంధ్రాల మూలల్లో పడిన సన్నని పగుళ్లే కారణమని తేలింది. మళ్లీ మళ్లీ పడే ఒత్తిడికి లోహం అలసిపోవడమన్నమాట, ఇంజినీర్లు మెటల్ ఫెటీగ్ అనేది దీన్నే.

బహిరంగ విచారణ జరిపి ఆ వివరాలన్నీ లోకానికి చెప్పారు. బోయింగ్, డగ్లస్ కంపెనీలకూ ఆ పాఠం ఊరికే అందింది. తమ పోటీదారులకు లాభమని తెలిసీ లోపాన్ని దాచుకోలేదు. బ్రిటన్ విమానాల చరిత్రలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఈ ఘట్టాన్నే. ఈ రోజు మనం విమానం ఎక్కి నిశ్చింతగా కూర్చుంటున్నామంటే ఆ తొట్టికి కూడా మనం రుణపడి ఉన్నాం.

కామెట్ వల్లే బ్రిటన్ వెనకబడిందని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. అదే కాలంలో వైకౌంట్ అనే బ్రిటిష్ విమానం 440కి పైగా అమ్ముడుపోయింది. నాలుగు రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజిన్లు, పెద్ద కోలగా ఉండే కిటికీలు. లోపల ఎంత నిలకడగా ఉండేదంటే, బల్ల మీద నాణేన్ని నిలువుగా పెడితే పడిపోయేది కాదని చెప్పుకునేవారు. కెనడా సంస్థ వచ్చి మా చలికి ఈ మార్పులు కావాలంటే చేసిచ్చారు. అమెరికాలో క్యాపిటల్ ఎయిర్‌లైన్స్ ఒక్కటే 60 విమానాలకు ఆర్డరిచ్చింది. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా 1957లో వైకౌంట్లు తెచ్చుకుంది. దేశం చిన్నదే, అయినా విమానం అమ్ముడుపోయింది.

మరి ట్రైడెంట్‌కు ఏమైంది? మూడు ఇంజిన్లూ తోక దగ్గరుండే జెట్ అది. మొదట గీసిన డిజైన్‌లో 110 సీట్లకు పైగా ఉన్నాయి. 1959లో బ్రిటన్ ప్రభుత్వ విమాన సంస్థ బీఈఏ, ప్రయాణికులు తగ్గుతున్నారని భయపడి, మాకు ఇంత పెద్దది వద్దు, చిన్నది చెయ్యండి అంది. విమానం తయారుచేసే కంపెనీకి చేతిలో ఉన్న పెద్ద ఖాతాదారు అదొక్కటే. చిన్న ఇంజిన్లు పెట్టి విమానాన్ని కుదించారు. ఒక్క మనిషి కొలతలకు కుట్టిన చొక్కా అయిపోయింది. కొన్నాళ్లకు బీఈఏకే అది చాల్లేదు.

అప్పుడే అమెరికాలో బోయింగ్ కూడా మూడు ఇంజిన్ల 727 గీస్తోంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్లు డెన్వర్ నుంచి నడపాలి. ఆ ఊరు సముద్ర మట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన, కాబట్టి నాలుగు ఇంజిన్లు కావాలన్నారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఖర్చు తగ్గాలి, రెండు చాలంది. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వాళ్లు కరీబియన్ సముద్రం మీదుగా వెళ్లాలి, రెండుతో కుదరదన్నారు. న్యూయార్క్ లాగార్డియా రన్‌వే పొట్టిది, అక్కడా దిగాలి. ముగ్గురితో తగువుపడి మూడు ఇంజిన్ల దగ్గర రాజీ కుదిరింది. అన్ని రకాల అవసరాలూ తీర్చిన విమానం కాబట్టి ప్రపంచంలో ఎవరికైనా పనికొచ్చింది. ట్రైడెంట్లు 117 తయారైతే 727లు 1,832 తయారయ్యాయి.

దేశం పెద్దదైతే కలిసొచ్చేది ఇక్కడే. చదరపు కిలోమీటర్ల వల్ల కాదు, ఒకరితో ఒకరికి పొసగని కొనుగోలుదార్లు ఇంట్లోనే దొరకడం వల్ల. బ్రిటన్‌కు అలాంటివాళ్లు ఇంట్లో లేరు, బయట వెతుక్కోవాలి. వైకౌంట్ అప్పుడు వెతికారు. తర్వాత మానేశారు. వీసీ10 కూడా అంతే. నైరోబీ, జొహానెస్‌బర్గ్ లాంటి ఎత్తయిన, వేడి ఊళ్ల కోసం తీర్చిదిద్దిన అందమైన విమానం, కానీ ఆ రన్‌వేలు పొడిగించాక దాని ప్రత్యేకత తగ్గింది. 54తో ఆగిపోయింది. ధ్వని కన్నా వేగంగా ఎగిరిన కాంకార్డ్ సంగతి మీకు తెలిసిందే. 1962లో ఫ్రాన్స్‌తో చేసుకున్న ఒప్పందంలో ఒక పక్షం తప్పుకునే వీలే లేదు. సర్వీసుకు వెళ్లిన 14 విమానాలూ ఆ రెండు దేశాల సొంత సంస్థలకే చేరాయి.

1969లో బ్రిటన్ ప్రభుత్వం, యూరప్ దేశాలు కలిసి తలపెట్టిన ఎయిర్‌బస్ ప్రయత్నం నుంచి తప్పుకుంది. బ్రిటన్ కంపెనీ హాకర్ సిడ్లీ మాత్రం తన సొంత డబ్బు పెట్టి రెక్కల పని వదలకుండా పట్టుకుంది. ఎయిర్‌బస్ మొదటి విమానం ఏ300 రెక్కను గీసింది హాట్‌ఫీల్డ్‌లోని బృందం. కామెట్, ట్రైడెంట్ పుట్టిన ఊరే హాట్‌ఫీల్డ్. 1976లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆ ఏ300లనే తెచ్చుకుంది. నిజానికి 1960లో ఎయిర్ ఇండియాకు వచ్చిన మొదటి బోయింగ్ 707లకూ ఉన్నవి రోల్స్‌రాయిస్ ఇంజిన్లే.

బ్రిటన్ మనకు పూర్తి విమానాన్ని కూడా నేర్పింది. ఆవ్రో 748ని కాన్పూర్‌లో మనవాళ్లే తయారు చేశారు. మొదటిది 1961 నవంబర్ 1న ఎగిరింది. మొత్తం 89 తయారయ్యాయి. దాన్ని మించిన ప్రయాణికుల విమానాన్ని మనం సొంతంగా గీసి అమ్మలేదు. ఆదిభట్లలో బోయింగ్ 737ల నిలువు తోకలు, సీ130 సైనిక రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. అక్కడ పనిచేసే మన పిల్లలను చూసి, విడిభాగాలే కదా అని చప్పరించేవాళ్లు ఒక్కసారి బ్రాటన్ కేసి చూడాలి.

ఇక బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్‌లో 70 నుంచి 90 సీట్ల ప్రాంతీయ విమానం ఆలోచన ఏళ్లుగా నడుస్తోంది. అది రావాలని నేను మనసారా కోరుకుంటాను. నా భయమల్లా ఒకటే. మనకు 140 కోట్ల జనం ఉన్నారు, మన మార్కెట్టే మనకు చాలనుకుని, ఒక్క సంస్థ చెప్పిన కొలతలకే గీస్తామేమోనని. డిజైన్ ఇంకా కాగితాల మీద ఉండగానే కడప, రాజమండ్రి రూట్లు నడిపేవాళ్లను, లేహ్‌లో దిగే పైలట్లను, వాళ్లతోపాటు నేపాల్, కెన్యా, ఇండోనేషియా విమాన సంస్థల వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎవరికి ఏది కుదరదో చెప్పించుకోవాలి.

సెలవు.