తివాచీని తిరగేసి చూడండి

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో ఉన్న తివాచీనో, జంపఖానానో, గదంతా పరిచి అంటించిన కార్పెట్‌నో శుభ్రం చేయించాలనుకున్నప్పుడు మనం ముందుగా అడిగేది ధర. చదరపు అడుగుకు ఎంత తీసుకుంటారు, ఎప్పటికి తెచ్చి ఇస్తారు అని అడుగుతాం. ఏ పద్ధతిలో శుభ్రం చేస్తారని అడిగేవాళ్లు తక్కువ. ఆ పద్ధతి ఈ తివాచీకి పడుతుందా అని అడిగేవాళ్లు మరీ తక్కువ. కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించుకున్నట్టుగా ఉంటుంది ఈ వ్యవహారం. పద్ధతిని నిర్ణయించవలసింది తివాచీ. అది దేనితో నేశారో, ఎలా నేశారో, దాని రంగులు నీటికి నిలుస్తాయో లేదో తెలిస్తే ఏం చేయించాలో దాదాపు తేలిపోతుంది. ఈ మూడింటిలో మొదటి రెండింటికి జవాబు తివాచీ అడుగునే దొరుకుతుంది. అందుకని ఎవరికైనా ఫోన్ చేసే ముందు తివాచీని తిరగేసి చూడండి.

తిరగేస్తే ఏం కనిపిస్తుంది? పైనున్న పూలూ లతలూ అడుగున కూడా అంతే స్పష్టంగా కనిపిస్తూ, వరుసగా చిన్న చిన్న ముడులు చేతికి తగులుతూ, రెండు కొసలా ఉన్న కుచ్చులు పడుగు దారాలే బయటికి సాగి ఏర్పడినవైతే, అది చేత్తో ముడి వేసి నేసిన తివాచీ. అడుగున ముతక గుడ్డ అంటించి ఉండి, కుచ్చులు విడిగా కుట్టి ఉంటే, అది చాలావరకు టఫ్టెడ్ కార్పెట్. అంటే చేతితో పట్టుకునే గన్‌తో గుడ్డలోకి ఊలును గుచ్చి, ఊడిపోకుండా వెనక లాటెక్స్ జిగురు పూసి, ఆ జిగురు కనబడకుండా పైన మరో గుడ్డ వేసినది. అడుగున గట్టి వల వంటి అల్లిక, గీత గీసినట్టు తిన్నని వరుసలు ఉంటే యంత్రం మీద తయారైనది. రెండు వైపులా ఒకే తీరుగా ఉండి, పైన ఊలు కుచ్చు ఏమీ లేకుండా చదునుగా ఉంటే అది జంపఖానా. మన వరంగల్ కొత్తవాడలో మగ్గాల మీద నేసే నూలు డర్రీలు ఈ కోవలోవే. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

దారం ఏమిటో తెలుసుకోవడానికి పాతకాలపు పరీక్ష ఒకటి ఉంది. కనబడని మూల నుంచి ఒక్క పోగు లాగి, పళ్లెం మీద పట్టుకుని అగ్గిపుల్లతో అంటించండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయిపోయే బూడిద మిగిలితే అది ఊలు గాని పట్టు గాని. కాగితం కాలిన వాసన వస్తే నూలు గాని, జనపనార గాని, పట్టులా మెరిసే విస్కోస్ అనే దారం గాని. కరిగి గట్టి పూసలా ముద్దకడితే నైలాన్, పాలిప్రొపిలీన్ వంటి కృత్రిమ దారం. పట్టు అని చెప్పి అమ్మిన తివాచీ నుంచి కాగితం వాసన వస్తే బాధపడవలసిందే గాని, ఉతికించాక తెలుసుకోవడం కంటే ముందే తెలియడం మేలు.

ఇక నేను చూసిన ఒక తివాచీ గురించి కాస్త వివరంగా చెబుతాను. ఏలూరులో మా పిన్నిగారింట్లో ఊలు తివాచీ ఒకటి ఉంది. ఏలూరు తివాచీల పేరు మీరు వినే ఉంటారు. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం నేతగాళ్లు అక్కడ ఆ విద్యకు పునాది వేశారని చెబుతారు. పిన్నిది మీగడ రంగు నేల, దాని మీద నీలం, ఆకుపచ్చ లతలు, చుట్టూ వెడల్పాటి ముదురు ఎరుపు అంచు. ఆ అంచుకు జానెడు దూరంలో ఎవరో కాఫీ ఒలకబోశారు. ఇంటికే యంత్రం తెచ్చి, వేడినీళ్లు కొట్టి, గంటలో పని ముగిస్తామని ఒకరు చెప్పారు. పిన్ని ఊఁ అనలేదు. తివాచీలు కడిగే పనిలో తలపండిన ఒక పెద్దాయనకు కబురు పెట్టింది. ఆయన్ని ఆమె సాయిబుగారూ అని పిలుస్తుంది.

సాయిబుగారు వచ్చి మరక వైపు చూడనే లేదు. తివాచీని తిరగేశారు. అరచేత్తో వీపు మీద నాలుగు దెబ్బలు వేశారు. సన్నని దుమ్ము లేచింది. పాత దుప్పటి ఒకటి అడిగి తీసుకుని, డాబా మీద పరిచి, దాని మీద తివాచీని బోర్లా వేసి, బద్దలాంటి పేకబెత్తంతో వీపు మీద మెల్లగా, వరసగా, ఒక కొస నుంచి మరో కొసకు తట్టుకుంటూ వెళ్లారు. తివాచీ ఎత్తి చూస్తే దుప్పటి మీద ఇసుక. దాన్ని దులిపి మళ్లీ పరిచారు, మళ్లీ తట్టారు, మళ్లీ ఇసుక. దుప్పటి మీద ఏమీ రాలని దాకా ఆ పని ఆపలేదు. రోజూ వాక్యూమ్ పెడుతూనే ఉన్నానండీ అని పిన్ని కొంచెం నొచ్చుకుంది. పైనున్న దుమ్ము వాక్యూమ్‌కు వస్తుంది, ముడుల మొదట్లోకి దిగిన ఇసుక రాదు. ఆ ఇసుకతోనే తివాచీని తడిపితే అది బురదై అక్కడే పేరుకుంటుంది. తడపకుండా వదిలేస్తే మనం నడిచినప్పుడల్లా గరుకు అంచులతో ఊలును మొదట్లోనే కోస్తుంది. ఎంత గొప్ప పద్ధతికైనా ముందు జరగవలసింది ఈ పొడి దులుపుడే. మీరు పిలిచినవాళ్లు తివాచీ దులపకుండానే నీళ్ల గొట్టం తీస్తే, వాళ్లను అక్కడే ఆపండి.

దులపడం అయ్యాక ఆయన తెల్లటి పాత పంచె ముక్క అడిగారు. దాన్ని చన్నీళ్లలో తడిపి, పిండి, ఒక్కో రంగు మీద ఒక నిమిషం పాటు బొటనవేలితో అదిమి పట్టుకున్నారు. మీగడ రంగు మీద ఏమీ రాలేదు. నీలం మీద రాలేదు. ఆకుపచ్చ మీద రాలేదు. ఎరుపు మీద నుంచి తీసేసరికి గుడ్డ మీద లేత గులాబీ మచ్చ. తాను వాడే సబ్బునీళ్లలో మరో ముక్క తడిపి అదే చోట అదిమితే ఆ గులాబీ ఇంకాస్త చిక్కగా వచ్చింది. ఆయన ఆ ముక్కను పిన్ని చేతికిచ్చి, "అమ్మగారూ, దీన్ని నీళ్లలో ముంచితే మీ లతలకు గులాబీలు పూస్తాయి" అన్నారు.

ఇక్కడ ఒక మాట వివరించాలి. చేత్తో ముడి వేసిన ఊలు తివాచీకి, రంగులు నిలిచేవైతే, పూర్తిగా నీళ్లలో తడిపి కడగడమే అన్నిటికన్నా మంచి పద్ధతి. కార్ఖానాకు తీసుకెళ్లి, చన్నీళ్లతో, ఊలుకు పనికొచ్చే మెత్తని సబ్బుతో కడిగి, తేట నీళ్లు వచ్చేదాకా జాడిస్తే ముడుల మొదట్లోని మురికి కూడా కొట్టుకుపోతుంది. మా పిన్ని తివాచీ కూడా అలాంటి ఊలు తివాచీయే, దాని నేత కూడా అలాంటిదే. ఎరుపు రంగు ఒక్కటే ఆ దారి మూసేసింది. సాయిబుగారు అతి తక్కువ తడితో పైపైన శుభ్రం చేసే పద్ధతికి మారారు. నీళ్లలో కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం, కలిపారు. ఊలుకు వేసే రంగుల్లో చాలావాటిని అది కొంత పట్టి ఉంచుతుంది. స్పాంజితో నురగ మాత్రమే తీసుకుని, అడుగు మేర ఒక్కోసారి, మీగడ రంగు నుంచి అంచు వైపుకే తుడిచారు గాని అంచు నుంచి లోపలికి ఒక్కసారి కూడా చేయి పోనివ్వలేదు. వెనువెంటనే పొడి తువ్వాలుతో అద్ది, రెండు ఫ్యాన్లు పెట్టించారు. కాఫీ మరక పూర్తిగా పోలేదు. ఇంకా రుద్దితే ఊలు రేగిపోతుందని ఆయన వదిలేశారు. ఇప్పుడు ఆ చోట టీపాయ్ ఉంది.

ఆ పంచె ముక్క పరీక్షకు ఖర్చు లేదు, నేర్పు అక్కర్లేదు. ప్రతి రంగు మీదా విడివిడిగా చేయాలి, ముఖ్యంగా ఎరుపు, నలుపు, ముదురు నీలం మీద. నీళ్లతో ఒకసారి, వాళ్లు వాడబోయే సబ్బుతో ఒకసారి. గుడ్డ తెల్లగా ఉంటేనే నీళ్ల మాట ఎత్తాలి.

మిగతా రకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. వెనక గుడ్డ అంటించిన టఫ్టెడ్ కార్పెట్‌ను నీళ్లలో ముంచితే లాటెక్స్ జిగురు దెబ్బతింటుంది. ఆ తడి రెండు గుడ్డల మధ్య చిక్కి వాసన వేస్తుంది. దానికి పైపై శుభ్రమే తగినది. కృత్రిమ దారంతో చేసి నేలంతా అంటించిన కార్పెట్లకు వేడినీళ్లను ఒత్తిడితో చిమ్మి వెంటనే లోపలికి పీల్చేసే యంత్రం బాగా పనిచేస్తుంది. దాన్ని బజారులో స్టీమ్ క్లీనింగ్ అంటారు. రోజూ జనం నడిచే ఆఫీసుల్లో, హోటళ్లలో, ఎండాక పొడిపొడిగా రాలిపోయే ద్రావణంతో రుద్ది వాక్యూమ్ చేసే పద్ధతి ఉంది. త్వరగా ఆరుతుంది గాని లోతుకు పోదు. విస్కోస్ విషయంలో చాలా జాగ్రత్త కావాలి. ఆర్ట్ సిల్క్, బాంబూ సిల్క్ అని అమ్మేవి ఎక్కువగా అదే. తడిస్తే దాదాపు సగం బలం కోల్పోతుంది, ఆరాక గరుకెక్కి పసుపు రంగుకు తిరుగుతుంది. జనపనార కూడా తడిస్తే గోధుమరంగు మచ్చలు తేలుతుంది. ఈ రెండింటికీ పొడి పద్ధతులే అడగండి. నూలు జంపఖానాలు ఉతుకుకు తట్టుకుంటాయి, రంగు పరీక్ష నెగ్గితే.

షాంపూ గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. గుండ్రటి బ్రష్షు తిప్పి నురగ నురగ చేసి చూపించే పని కంటికి ఇంపుగా ఉంటుంది. కాని ఆ నురగను పూర్తిగా బయటికి తీయకపోతే జిగురుగా మిగిలి, కొత్త దుమ్మును పట్టుకుని, నెల తిరక్కుండానే తివాచీని మునుపటికంటే మాసినట్టు చేస్తుంది. ఊలు మీదకైతే బట్టలు ఉతికే పౌడరు రానివ్వకండి. ఊలు వెంట్రుక జాతిది. క్షారం దానికి పడదు, బ్లీచ్ అయితే దాన్ని కరిగించేస్తుంది. పీహెచ్ 5 నుంచి 8 మధ్య ఉండే సబ్బు కావాలి. ఏ సబ్బు వాడతారు, దాని సీసా చూపిస్తారా అని అడగడంలో తప్పేమీ లేదు. పని తెలిసినవాడు ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకోడు.

చివరిగా ఆరబెట్టడం. పద్ధతి సరిగ్గా ఎంచుకున్నా, సబ్బు సరైనదే అయినా, ఆరబెట్టడంలో అశ్రద్ధ జరిగితే అంతా నీళ్లపాలే. ఊలు తివాచీకి లోపల పడుగూ పేకా సాధారణంగా నూలే. పైన ఊలు ఆరినట్టు కనిపిస్తుంది, లోపలి నూలు తడిగానే ఉంటుంది. అలా రోజుల తరబడి ఉంటే బూజు పట్టి, నూలు కుళ్లి, మడత పెట్టినప్పుడు పటుక్కున తెగుతుంది. ఎర్రటి ఎండలో పడేస్తే రంగు వెలుస్తుంది కాబట్టి నీడ కావాలి, గాలి కావాలి, కిందా పైనా గాలి ఆడాలి. జూలై, ఆగస్టు నెలల్లో కోస్తా జిల్లాల గాలిలో ఎంత చెమ్మ ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందుచేత తివాచీ ఇచ్చే ముందు ఎక్కడ ఆరబెడతారు, వాన పడితే ఏం చేస్తారు అని అడగండి. ఫ్యాన్లు, తేమ లాగే యంత్రం ఉన్న గది చూపించలేకపోతే, దసరా వెళ్లేదాకా ఆగండి.

తివాచీ తిరిగి వచ్చినప్పుడు, తెచ్చినవాళ్లు అక్కడ ఉండగానే చుట్ట విప్పించండి. బోర్లా వేయించి, మధ్యలోనూ కుచ్చుల మొదట్లోనూ అరచేయి ఆనించి చూడండి. చల్లగా తగిలినా, వంగి వాసన చూస్తే ముక్కిన వాసన వచ్చినా, డబ్బులిచ్చే ముందే వెనక్కి పంపండి.

నమస్కారం.